కంప్రెసర్ బాగానే ఉంది, వైరే సన్నం

పోయిన ఏప్రిల్లో ఒక మిట్టమధ్యాహ్నం, కొల్లిపర దగ్గర కృష్ణ కరకట్ట మీద మా బావ బొలేరో ఆపి టైర్లకు గాలి కొడుతున్నాం. లంకలో అరటితోట చూసుకుని, ఎండిన పాయలో ఇసుక దాటి అప్పుడే పైకి వచ్చాం. ఇసుకలో దిగబడకుండా పొద్దున టైర్లలో గాలి తగ్గించాం కాబట్టి, తారు రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి. మా వెనకే వచ్చిన పక్కతోట వాళ్ళ బండికి ముందు నాలుగు టైర్లూ నింపి పంపాం. మా బండికి ఒకటి అయింది. రెండోది సగంలో ఉండగా కంప్రెసర్ ఒక్కసారిగా ఆగిపోయింది.

"పోయిందిరా! ఏడు వేలు బూడిదలో పోసిన పన్నీరు" అన్నాడు బావ.

డిక్కీలో బిగించిన కంప్రెసర్‌ను చూద్దామని వంగి, దారికి అడ్డంగా ఉన్న వైరును పక్కకు జరపబోయాను. చెయ్యి చురుక్కుమంది. పైనున్న ప్లాస్టిక్ మెత్తబడి, వేలు నొక్కితే లోపలికి పోతోంది. పావుగంట నీడలో ఆగాక కంప్రెసర్ మళ్ళీ మామూలుగానే తిరిగింది. మోటారు వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు అందులో ఉంది. అప్పుడు మల్టీమీటరు తీశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. కంప్రెసర్ పిన్నుల దగ్గర 11.7. మధ్యలో 2.4 వోల్టులు ఎక్కడికి పోయాయో నా వేళ్ళకు అప్పటికే తెలిసింది.

ఇసుకలోకి, బురదలోకి, కొండదారుల్లోకి బండి తీసుకెళ్ళేవాళ్ళు కంప్రెసర్ కొనేటప్పుడు డబ్బా మీద అంకెలు చూస్తారు, రేటు చూస్తారు, రివ్యూలు చూస్తారు. బ్యాటరీకీ దానికీ మధ్య ఏ వైరు పడుతుందో మాత్రం ఎవరూ అడగరు. పది కంప్రెసర్లు పనిచేయడం లేదంటే, అందులో ఎక్కువ వాటికి కావలసింది కొత్త కంప్రెసర్ కాదని నాకు గట్టి నమ్మకం. వైరింగు మారిస్తే చాలు. అందుకే ఈ వ్యాసంలో కొనడం గురించి కొంత, వైరు గురించి ఎక్కువగా చెప్తాను.

ముందు గాలి ఎందుకు దించుతామో చూద్దాం. ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండి ఇసుకలో ఇరుక్కుంటే ఎడ్లు నోట నురగ కక్కేవి. అదే బరువుతో రబ్బరు టైరు బండి సులువుగా దాటేది. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటే నేల దిగదు. టైరులో గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ ఉన్నప్పుడు నేలను తాకే చోటు చిన్నది. 18కి దించితే ఆ చోటు పొడవుగా సాగి, టైరు ఇసుకను కోయకుండా దాని మీద నడుస్తుంది. మామూలు రిమ్ములతో 15 కంటే కిందికి వెళ్ళొద్దని నా సలహా. ఒక మలుపులో టైరు అంచు రిమ్మును వదిలేసిందంటే ఆ లంకలో మళ్ళీ ఎక్కించే దిక్కుండదు. బండిలో లోడు ఉంటే అంత కూడా దించకూడదు. కృష్ణ లంకల్లో నిరుటి బాట ఈ ఏడాది ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. అంత నీరు వచ్చిపోయాక ఇసుక ఎక్కడ మేట వేసిందో, ఎక్కడ కోసుకుపోయిందో అంత తేలిగ్గా చెప్పలేం.

దించిన గాలి మళ్ళీ ఎక్కించకుండా రోడ్డెక్కితే ప్రాణం మీదికి వస్తుంది. 18 పీఎస్‌ఐతో జాతీయ రహదారి మీద 80లో పోతే టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ మడతపడి, లోపల వేడి పుట్టి, చివరికి టైరు పేలుతుంది. మన ఎండలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. పెట్రోలు బంకులో గాలి దొరుకుతుంది నిజమే. కానీ ఆ బంకు దాకా తక్కువ గాలితోనే వెళ్ళాలి కదా.

ఇప్పుడు ఎంత గాలి కావాలో లెక్క చూద్దాం. బొలేరో టైరు లోపల సుమారు 50 లీటర్ల చోటు ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. కాబట్టి టైరును 18 నుంచి 33కి, అంటే 15 పీఎస్‌ఐ పెంచాలంటే ఇంచుమించు ఇంకో 50 లీటర్ల బయటి గాలిని లోపలికి తొయ్యాలి. నాలుగు టైర్లకు 200 లీటర్లు. 18 అంగుళాల రిమ్ములున్న థార్‌కు టైరు లోపలి చోటు 60 లీటర్లు దాటుతుంది కాబట్టి మొత్తం 250 వరకూ పోతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే డబ్బా మీద అంకెల్లో ఏది చూడాలో, ఏది వదిలేయాలో తేలిపోతుంది. పెద్ద అక్షరాలతో ముద్రించే 150 పీఎస్‌ఐని వదిలేయండి. మనకు కావలసింది 35 లోపే. చూడవలసింది నిమిషానికి ఎన్ని లీటర్లు అన్న అంకె. కొన్ని డబ్బాల మీద సీఎఫ్‌ఎం అని ఉంటుంది. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. చాలామంది రాసే అంకె, గొట్టం చివర ఏమీ తగిలించకుండా గాల్లోకి వదిలినప్పటిది. టైరు ఎదురు నెట్టేటప్పుడు అంత రాదు. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ రెండు అంకెలూ చెప్తుంది. వాళ్ళ సింగిల్ మోటారు కంప్రెసర్ ఖాళీగా తిరిగితే నిమిషానికి సుమారు 62 లీటర్లు, 29 పీఎస్‌ఐ ఎదురుగా ఉంటే 46. రెండో అంకె ఇవ్వని డబ్బాను నేను అనుమానంగానే చూస్తాను. మా బావ కొన్న కంప్రెసర్ డబ్బా మీద 70 లీటర్లని ఉంది. గడియారం పెట్టి ఒక టైరు నింపి లెక్క కడితే, వైరు మార్చిన తర్వాత కూడా, 26 దగ్గర తేలింది. అయినా దాన్ని తీసిపారేయమని చెప్పలేదు. 26 లీటర్లతో నాలుగు టైర్లూ ఎనిమిది నిమిషాల్లో నిండుతాయి, లంకకు అది చాలు.

డబ్బా మీద చూడవలసిన ఇంకో అంకె డ్యూటీ సైకిల్, అంటే ఎంతసేపు తిప్పొచ్చు, ఎంతసేపు ఆపాలి అన్న లెక్క. 33 శాతం అంటే పది నిమిషాలు తిరిగితే ఇరవై నిమిషాలు ఆపాలి. సాధారణంగా ఇది 100 పీఎస్‌ఐ దగ్గర లెక్క, టైర్ల ఒత్తిడికి ఇంకొంచెం సేపు తిప్పొచ్చు. అయితే కొన్ని కంపెనీలు ఈ కొలత తీసేది 72 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో 22 డిగ్రీలు. విజయవాడలో జనవరి తెల్లవారుజామున తప్ప ఆ చల్లదనం ఎక్కడిది? రోళ్ళు పగిలే రోహిణిలో, మూసిన డిక్కీలో పెట్టి తిప్పితే పుస్తకంలో రాసిన సమయం రాదు. కంప్రెసర్‌ను డిక్కీలో శాశ్వతంగా బిగించడం నాకు నచ్చకపోవడానికి మొదటి కారణం ఇదే. బయటికి తీసి బండి నీడలో పెడితే దానికి కాస్త ఊపిరాడుతుంది.

ఇక ఎవరికి ఏది అంటే, ఊళ్ళో తిరిగే కారులో పంక్చరు అవసరానికి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నది చాలు. చార్జింగుతో పనిచేసే చేతి పరికరాలు బైకుకు బాగుంటాయి, నాలుగు పెద్ద టైర్లకు వాటి బ్యాటరీ చాలదు. నెలకోసారైనా ఇసుకలోకి దిగేవాళ్ళకు 25 నుంచి 30 ఆంపియర్లు లాగే, నేరుగా బ్యాటరీకి తగిలించే రకం కావాలి. రెండు మోటార్ల పెద్దవి 60 ఆంపియర్లు కూడా దాటుతాయి. నాలుగైదు బండ్ల గుంపులో అందరికీ ఒక్కరే గాలి కొట్టాల్సి వస్తే తప్ప అంత ఖర్చు అనవసరం.

ఇప్పుడు వైరు సంగతి. లైటర్ సాకెట్ వెనక ఫ్యూజు చాలా బండ్లలో 10 నుంచి 20 ఆంపియర్ల మధ్యే. 28 ఆంపియర్ల కంప్రెసర్‌కు లైటర్ పిన్ను తగిలిస్తే ఫ్యూజు పోతుంది. పోతే మంచిదే. కొందరు అక్కడ పెద్ద ఫ్యూజు పెట్టేస్తారు, డాష్‌బోర్డు వెనక సన్న వైరు మాత్రం మారదు. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

ఇంట్లో 230 వోల్టులకు అలవాటు పడిన కళ్ళకు 12 వోల్టుల లెక్క అర్థం కాదు. ఇంట్లో రెండు వోల్టులు తగ్గితే ఎవరికీ తెలియదు. ఇంజను నడిచేటప్పుడు ఉండే 14 వోల్టుల్లో రెండు తగ్గితే ఏడో వంతు పోయినట్టే. రాగి వైరులో ఎంత పోతుందో కట్టడానికి ఒక చిన్న సూత్రం ఉంది. వైరు మొత్తం పొడవును మీటర్లలో తీసుకుని 0.0175తో గుణించి, వైరు మందాన్ని స్క్వేర్ ఎంఎంలలో తీసుకుని భాగిస్తే నిరోధం ఓమ్‌లలో వస్తుంది. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే పోయే వోల్టులు. మొత్తం పొడవు అన్నాను, గమనించండి. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లయితే వైరు 10 మీటర్లు. బావ బండిలో వేసింది 2.5 స్క్వేర్ ఎంఎం. 0.0175ను 10తో గుణించి 2.5తో భాగిస్తే 0.07 ఓమ్‌లు, 28 ఆంపియర్లకు 1.96 వోల్టులు. మిగతా 0.4 చిల్లర వదులు కనెక్షన్లలో పోయింది. 2.4 వోల్టులను 28 ఆంపియర్లతో గుణిస్తే 67 వాట్లు. మన చిన్నప్పటి 60 వాట్ల బల్బును ముట్టుకున్నవాళ్ళకు ఆ వేడి గుర్తుండే ఉంటుంది. ఆ బల్బు బండి కార్పెట్ కింద వెలుగుతోందన్న మాట.

వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందని చాలామంది చెప్తారు. ఈ చిన్న డీసీ మోటార్ల విషయంలో అది సరికాదు. లోపల శాశ్వత అయస్కాంతాలుండే మోటారు ఎంత బలంగా తొయ్యాలో దాన్నిబట్టి కరెంటు తీసుకుంటుంది. ఎంత వేగంగా తిరగాలో వోల్టేజీ నిర్ణయిస్తుంది. కాబట్టి వోల్టేజీ తగ్గితే కరెంటు ఇంచుమించు అంతే ఉంటుంది, వేగం పడిపోతుంది. అదే టైరుకు ఎక్కువ సేపు తిరగాలి, ఫ్యాన్ ఉంటే అదీ నెమ్మదిస్తుంది, వేడి బయటికి పోదు. మరీ తగ్గితే, గొట్టంలో ఒత్తిడి ఉండగా స్టార్టు కావలసి వచ్చినప్పుడు మోటారు కదలలేక నిలిచిపోతుంది. తిరగని మోటారు లాగే కరెంటు మాత్రం చాలా ఎక్కువ. వైండింగు కాలేది అప్పుడే.

ఇంటికి వాడే వైరు వేయొచ్చా అని అడుగుతారు. అందులో పోగులు లావు, బండి కుదుపులకు అలిసి తెగుతాయి. పీవీసీ మామూలుగా 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది, ఇంజను పక్కన అది చాలదు. సన్న పోగులు ఎక్కువగా ఉండి, 105 డిగ్రీలు తట్టుకునే ఆటోమోటివ్ వైరు అడగండి. ఇంకో మోసం ఉంది, అది చౌక జంపర్ కేబుళ్ళలో ఎక్కువ. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. చూడ్డానికి లావుగా ఉంటుంది. కానీ కరెంటును పోనిచ్చే గుణం అదే మందం రాగితో పోలిస్తే అల్యూమినియంకు 61 శాతమే. ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అక్కడే వదిలేసి వచ్చేయండి. 30 ఆంపియర్లకు బానెట్ దగ్గరే వాడుకుంటే 6 స్క్వేర్ ఎంఎం సరిపోతుంది, డిక్కీ దాకా తీసుకెళ్ళాలంటే 10 కావాలి.

ఫ్యూజు కంప్రెసర్‌ను కాపాడటానికి అనుకుంటారు. అది కాపాడేది వైరును. అందుకే దాని చోటు కంప్రెసర్ పక్కన కాదు, బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలో. వైరు ఎక్కడో రేకు అంచుకు రాపిడై తోలు ఊడి బాడీకి తగిలిందనుకోండి. ఫ్యూజు అవతలి చివర ఉంటే, మధ్యలో వైరు ఎర్రగా కాలుతున్నా దానికి తెలియదు. బ్యాటరీ ఆ క్షణంలో కొన్ని వందల ఆంపియర్లు ఇవ్వగలదు. బావ బండిలో ఫ్యూజు డిక్కీలో ఉంది, పైగా 40 ఆంపియర్లది. 2.5 వైరు 35 దగ్గరే కరిగేలా ఉంటుంది, 40 ఫ్యూజు ప్రశాంతంగా చూస్తూ ఉంటుంది. అదే 40 ఫ్యూజు 10 స్క్వేర్ ఎంఎం వైరుకు సరైన జోడీ. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడను (ఫైర్‌వాల్) దాటే చోట, రాపిడి కాకుండా వైరు చుట్టూ రబ్బరు గ్రోమెట్ తప్పకుండా పెట్టించండి.

కనెక్షన్ల గురించి ఆటోనగర్‌లో ఎంత చెప్పినా తక్కువే. అక్కడ ఇంజను విప్పి బిగించే చేతులకు సాటి లేదు. వైరు అతుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల పోగులు మెలితిప్పి నల్లటేపు చుట్టేస్తారు. మన ఎండకు ఆ టేపు జిగురు కరిగి, వేసవి దాటేసరికి విచ్చుకుంటుంది. బావ బండిలో వైరు చివర ఉండే లోహపు మూతిని, అంటే లగ్గును, చేతిలోకి తీసుకుని చూశాను. సుత్తితో కొట్టి నొక్కారు. ఒక వైపు పోగులు చదునైపోయాయి, రెండో వైపు వేలితో కదిలిస్తే కదులుతున్నాయి, కదిలిన చోట నల్లగా మసి. రాగి లగ్గును సరైన సైజు క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించి, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయించాలి. నొక్కాక రెండు చేతులతో గట్టిగా లాగి చూడాలి. ఊడేదైతే అప్పుడే ఊడాలి.

నెగటివ్ వైపు కూడా అంతే శ్రద్ధ కావాలి. పాజిటివ్‌కు లావు వైరు వేసి, నెగటివ్‌ను దగ్గర్లో ఏదో రంగు వేసిన బోల్టుకు తగిలిస్తే ఫలితం సున్నా. రంగు గీకి, మెరిసే లోహానికి బిగించాలి. బుడమేరు నీళ్ళలో మునిగి తేలిన బండి అయితే ఆ ఎర్త్ పాయింట్లన్నీ ఒకసారి విప్పి తుప్పు తుడిపించండి. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను తనంతట తాను ఆగే స్టార్ట్-స్టాప్ ఉన్న కొత్త బండ్లలో బ్యాటరీ నెగటివ్ పిన్ను మీద ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయిందన్న లెక్క అదే రాస్తుంది. మన నెగటివ్‌ను నేరుగా ఆ పిన్నుకు తగిలిస్తే కంప్రెసర్ లాగిన కరెంటు లెక్కలోకి రాదు. చాసిస్ ఎర్త్‌కు బిగించడమే సరి.

రిలే, అంటే సన్న వైరు స్విచ్చితో లావు వైరు కరెంటును నడిపే చిన్న పెట్టె, అవసరమా? కంప్రెసర్‌ను బండికి బిగించేస్తే అవసరమే. అందులో నాలుగు పిన్నులు. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లావు వైరు, 87 నుంచి కంప్రెసర్‌కు లావు వైరు. 86కి డాష్‌బోర్డు స్విచ్చి నుంచి సన్న వైరు, 85 ఎర్త్‌కు. స్విచ్చి మోసేది ఒక ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు, బరువంతా రిలే మోస్తుంది. స్విచ్చికి కరెంటు ఇగ్నిషన్ నుంచి తీసుకుంటే తాళం తీశాక ఎవరూ పొరపాటున ఆన్ చేయలేరు.

అయితే నేను బావకు చెప్పింది వేరే. బిగించొద్దు, కంప్రెసర్‌ను పెట్టెలో పెట్టుకుందాం, వైరు మాత్రం బండిలో శాశ్వతంగా ఉంచుదాం అన్నాను. బ్యాటరీ నుంచి జానెడులో ఫ్యూజు, అక్కడి నుంచి 10 స్క్వేర్ ఎంఎం వైరు, చివర ఒక యాండర్సన్ ప్లగ్గు. ఈ-రిక్షాలు చార్జింగు పెట్టేచోట కనిపించే దళసరి ప్లగ్గు అదే, 50 ఆంపియర్లు తేలిగ్గా మోస్తుంది. తిరగేసి పెట్టడానికి వీలుండదు కాబట్టి ప్లస్సు, మైనస్సు తారుమారయ్యే భయం లేదు. కంప్రెసర్‌తో వచ్చే మొసలి క్లిప్పులు పళ్ళ మొనల మీదే ఆనుతాయి. చోటు తక్కువ, వేడి ఎక్కువ. పైగా బ్యాటరీ మీద పొరపాటున ఒకదానికొకటి తగిలితే నిప్పురవ్వలే. బావ మాత్రం డిక్కీ దగ్గరే ప్లగ్గు కావాలన్నాడు, తోట సామాను అక్కడే ఉంటుందని. సరే, ఐదు మీటర్లు వేశాం. అందుకే 10 స్క్వేర్ ఎంఎం.

వైరింగు అయ్యాక నమ్మకంతో వదిలేయకండి, కొలవండి. నాలుగైదు వందల మల్టీమీటరు చాలు. కంప్రెసర్ టైరుకు గాలి ఎక్కిస్తుండగా ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి కంప్రెసర్ పాజిటివ్ మీద పెడితే ఆ దారిలో పోయే వోల్టులు నేరుగా కనిపిస్తాయి. నెగటివ్ వైపూ అలాగే చూడండి. రెండూ కలిపి అర వోల్టు, మహా అయితే ముప్పావు వోల్టు లోపు ఉండాలి. బావ బండిలో ఇప్పుడు 0.6. ఒక్కో టైరుకు 2 నిమిషాల 20 సెకన్లు పట్టేది, ఇప్పుడు రెండు నిమిషాల లోపే అయిపోతోంది. కంప్రెసర్ అదే.

గాలి కొట్టేటప్పుడు ఇంజను నడుస్తూనే ఉండాలి. 30 ఆంపియర్లు ఇరవై నిమిషాలు లాగితే బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ అవర్లు పోతాయి. పాత బ్యాటరీ అయితే ఆ తర్వాత స్టార్టరు మూలుగుతుంది, లంకలో తోసేవాళ్ళు దొరకరు. కంప్రెసర్‌ను ఇసుకలో పెట్టకుండా ఫుట్‌మ్యాట్ మీదో గోనెసంచి మీదో పెట్టండి. గాలి పీల్చే ఫిల్టరులోకి ఇసుక పోతే పిస్టన్ రింగు గీరుకుపోతుంది. ఈ చిన్న కంప్రెసర్లు చాలావరకు ఆయిల్ లేకుండా పనిచేసేవే. శబ్దం వస్తోందని ఎవరైనా నూనె చుక్క వేయబోతే ఆపండి. గొట్టం మొదట్లో ఉండే ఇత్తడి మూతి కాలుతుంది, పిల్లల చేతులు పడనివ్వకండి. మోటారు తిరుగుతుండగా గేజీ చూపేది నమ్మొద్దు, అది ఎక్కువ చూపిస్తుంది. ఆపి చూడాలి.

ఆపి చూసినా ఇంకో చిక్కు మిగులుతుంది. తలుపు దగ్గర స్టిక్కరు మీది అంకె చల్లని టైరుకు. ఇసుకలో తిరిగి ఎండలో నిలబడిన టైరు లోపలి గాలి 55 డిగ్రీలు ఉందనుకుందాం. అప్పుడు 33 పెడితే, మర్నాడు పొద్దున 28 డిగ్రీలకు చల్లబడేసరికి గేజీలో 29 దగ్గరే కనిపిస్తుంది. వైరు మార్చాక మొదటిసారి లంక నుంచి వచ్చిన మర్నాడు ఇదే అయింది. పొద్దున్నే ఫోను. "ఒరేయ్, నాలుగు టైర్లలోనూ నాలుగేసి తగ్గాయి, పంక్చరా?" నాలుగింటికీ ఒకేసారి పంక్చరు ఎందుకవుతుంది బావా, చల్లబడ్డాయంతే, బండి కదపకముందే నింపేయ్ అన్నాను. ఫోను పెట్టకుండానే ప్లగ్గు తగిలించినట్టున్నాడు, కంప్రెసర్ మోత వినబడింది. కాసేపటికి అన్నాడు, "వైరు పట్టుకునే ఉన్నా, చల్లగా ఉంది."